గుమ్మం లేని రోడ్డు

కారు కొనుక్కున్నవాడికి వేగంగా పోవాలని ఉంటుంది. రోడ్డు పక్కన ఇల్లో కొట్టో కట్టుకున్నవాడికి ఆ రోడ్డు మీదికి ఒక గుమ్మం ఉండాలని ఉంటుంది. ఇద్దరి కోరికా న్యాయమైనదే. కానీ ఒకే రోడ్డు ఇద్దరినీ తృప్తి పరచలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పెద్ద నగరాలన్నీ ఈ పేచీలో నలిగాయి. పశ్చిమ అమెరికాలో దానికి మొదటి పరిష్కారం లాస్ ఏంజెలిస్ పక్కన, ఒక వాగు గట్టున దొరికింది. ఆ రోడ్డు పేరు అరోయో సెకో పార్క్‌వే. పొడవు ఇవాళ్టికీ సుమారు పదమూడు కిలోమీటర్లే. పసడీనాలో మొదలై, సౌత్ పసడీనా, హైలండ్ పార్క్‌ల మీదుగా దిగి లాస్ ఏంజెలిస్ నడిబొడ్డుకు చేరుతుంది. ఎక్కితే పావుగంటలో అయిపోయే ఈ రోడ్డు పూర్తిగా రూపు కట్టడానికి మాత్రం అర్ధశతాబ్దం పైనే పట్టింది.

కథ వాగుతోనే మొదలుపెట్టాలి. అరోయో సెకో శాన్ గాబ్రియేల్ కొండల్లో పుట్టి, దాదాపు నలభై కిలోమీటర్లు దిగివచ్చి, లాస్ ఏంజెలిస్ నదిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకా గుండ్రాళ్లే. చలికాలపు వానలు పడ్డాయా, రాత్రికి రాత్రే ఒడ్డులు కోసుకుంటూ పోతుంది. రచయిత చార్లెస్ లమ్మిస్ ఆ గుండ్రాళ్లతోనే, చాలావరకు తన చేతులతోనే, హైలండ్ పార్క్ దగ్గర వాగు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన థియొడోర్ రూజ్వెల్ట్ 1911లో ఇటు వచ్చి, ఈ లోయను ప్రపంచంలోకెల్లా గొప్ప ఉద్యానవనాల్లో ఒకటిగా చేయొచ్చని మెచ్చుకున్నాడు. కొండల మధ్య నుంచి పసడీనాకూ లాస్ ఏంజెలిస్‌కూ మధ్య ఒకే వాలులో దారి కావాలంటే వాగు వేల ఏళ్ల కిందటే తవ్వి పెట్టింది. ఆ దారిని వాడుకోవడమెలాగన్నదే అందరినీ వేధించిన ప్రశ్న.

మొదట సాహసించినవాడు పసడీనా వాసి హోరస్ డాబిన్స్. ఆయన మనసులో ఉన్నది కారు కాదు, సైకిలు. 1890లలో అమెరికా అంతా సైకిలు మోజులో ఉంది. చలికాలం గడపడానికి తూర్పు రాష్ట్రాల ధనవంతులు పసడీనా హోటళ్లలో దిగేవారు. ఊళ్లో రోడ్లేమో మట్టి రోడ్లు. గుర్రబ్బళ్లు, రైలు పట్టాలు, ఎటు పోయినా అడ్డం. డాబిన్స్ 1897లో కాలిఫోర్నియా సైకిల్‌వే కంపెనీని నిలబెట్టాడు. రాష్ట్ర మాజీ గవర్నరు హెన్రీ మార్కమ్ కూడా అందులో చేరాడు. పసడీనా నుంచి లాస్ ఏంజెలిస్ దాకా, తొమ్మిది మైళ్లు, నేలకు తగలకుండా చెక్కతో ఎత్తైన సైకిలు దారి వేయాలన్నది పథకం.

1900 జనవరి 1న మొదటి ముక్క తెరిచారు. గ్రీన్ హోటల్ దగ్గర మొదలై రేమండ్ హోటల్ వైపు మైలుంపావు పొడవున సాగిన చెక్క వంతెన అది. ఒరెగాన్ నుంచి తెచ్చిన పైన్ కలపకు ముదురాకుపచ్చ రంగు వేశారు. నలుగురు పక్కపక్కనే సైకిళ్లు తొక్కేంత వెడల్పు, రాత్రి వేళకు విద్యుద్దీపాలు. పది సెంట్లు ఇస్తే ఒకవైపు, పదిహేను ఇస్తే రానూపోనూ. కింద వీధులుంటే ఉండనీ, రైలుంటే ఉండనీ, పైన తొక్కేవాడు ఎక్కడా కాలు కింద పెట్టనక్కర్లేదు. ఆ రోజు దాని మీద సైకిలు తొక్కినవాళ్లకు తెలియకపోవచ్చుగానీ, అడ్డొచ్చే కూడలి లేని ప్రయాణం రుచి చూసిన తొలివాళ్లలో వాళ్లూ ఉన్నారు.

రుచి చూపించి దారి ఆగిపోయింది. సైకిలు మోజు తగ్గింది. విద్యుత్ ట్రాములు ఊళ్లను కలిపేశాయి. వాటి వెనకాలే కారు వచ్చింది. వాగు లోయలోంచి పోవలసిన అసలు భాగానికి ఒక్క స్తంభం కూడా లేవలేదు. కట్టిన మైలుంపావు కూడా పదేళ్లు తిరక్కుండానే కలప కింద అమ్ముడుపోయింది. డాబిన్స్ ఓడిపోయాడు. అయితే ఆయన ఓటమిలో రెండు విషయాలు మిగిలాయి. ఈ వాగు వెంట నగరానికి దారి వేయొచ్చన్నది ఒకటి. ఆ దారిని మామూలు వీధులతో కలవనివ్వకూడదన్నది రెండోది. రెండోదాని విలువ తెలియడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

తర్వాతి వంతు తోటలు ప్రేమించేవాళ్లది. నగరాలకు అందం కావాలని అమెరికాలో అప్పట్లో ఒక ఉద్యమమే నడిచింది. ఆ ఉద్యమకారుల్లో పేరున్న చార్లెస్ మల్ఫర్డ్ రాబిన్సన్ 1907లో లాస్ ఏంజెలిస్‌కు ఒక నివేదిక రాసిచ్చాడు. కొండల నుంచి నగరం దాకా వాగు పొడుగునా ఒక తోట, తోటలోంచి తీరిగ్గా బండి నడుపుకుంటూ పోయే చక్కని దారి ఉండాలన్నది ఆ కాలపు కల. వాగు ఒడ్డు భూములు కొద్దికొద్దిగా నగరాల చేతికి వచ్చాయి. ఈ లోపల కార్లు ఆగలేదు. 1920ల నాటికి లాస్ ఏంజెలిస్‌లో ఉన్నన్ని కార్లు, జనాభా లెక్కన చూస్తే, ప్రపంచంలో మరే పెద్ద నగరంలోనూ లేవు. నడిబొడ్డు వీధుల్లో ట్రాములూ కార్లూ ఒకదాన్నొకటి కదలనిచ్చేవి కావు.

అప్పుడు ఎవరికైనా తోచే వైద్యం వీధులు వెడల్పు చేయడం. చేశారు. ప్రసిద్ధ ప్రణాళికాకారులు ఓల్మ్‌స్టెడ్, బార్తలొమ్యూ, చేనీ 1924లో నగరానికి ప్రధాన వీధుల ప్రణాళిక ఒకటి ఇచ్చారు. అందులో అరోయో సెకో వెంట పార్క్‌వే కూడా ఉంది. తక్కిన వీధుల సంగతి ఏమైందంటే, వెడల్పయిన ప్రతి వీధి పక్కనా కొత్త కొట్లు వెలిశాయి. కొట్ల ముందు కార్లు ఆగాయి. ఆగిన కార్ల వెనక పోయే కార్లు ఆగాయి. వీధి ఎంత పెరిగితే దాని మీద గుమ్మాలూ అంత పెరిగాయి. సంతలో పరుగుపందెం పెట్టినట్టయింది వ్యవహారం.

ఇదే చిక్కుతో వేరేచోట్ల పెనుగులాడినవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లో మురికికూపంగా మారిన బ్రాంక్స్ నదిని బాగుచేయడానికి 1907లో ఒక సంఘం పెట్టారు. నది ఒడ్డున తోట వేస్తూ, తోటలోనే కార్లకు దారి వేశారు. 1925లో అది పూర్తయ్యేసరికి, రోడ్డుకీ ఇళ్లకీ మధ్య తోట అడ్డుగా ఉంటే కారు సాఫీగా పోతుందని తేలింది. ఇటలీలో పియెరో పురిచెల్లి అనే ఇంజనీరు 1924లో మిలాన్ నుంచి సరస్సుల వైపు మోటారు బళ్లకే ప్రత్యేకంగా రహదారి వేశాడు. జర్మనీలో కొలోన్ మేయరు కొన్రాడ్ అడెనావర్ 1932లో కొలోన్, బాన్‌ల మధ్య అలాంటిదే తెరిచాడు. వీళ్లందరూ చేతల్లో చూపించినదాన్ని న్యూయార్క్ న్యాయవాది ఎడ్వర్డ్ బాసెట్ 1930లో చట్టం భాషలో పెట్టాడు. పక్క భూముల వాళ్లకు రోడ్డు మీదికి వచ్చే హక్కు లేకుండా, రోడ్డును కేవలం ప్రయాణానికే కేటాయించాలన్నాడు. వీధి పక్కన స్థలం ఉన్నవాడికి వీధిలోకి దారి ఉండటం అనాదిగా వస్తున్న హక్కు. ఆ హక్కు పుట్టనే పుట్టని రోడ్డు కావాలన్నాడు బాసెట్. సిమెంటు కన్నా, వంతెనల కన్నా పెద్ద ఆవిష్కరణ ఇదే.

లాస్ ఏంజెలిస్‌కు ఈ మాట వెంటనే తలకెక్కలేదు. ముందు కొండను తొలిచి చూసింది. నడిబొడ్డుకు ఉత్తరాన ఎలీసియన్ పార్క్ కొండ అడ్డుగా ఉండేది. ఫిగరోవా వీధిని కొండ లోపలి నుంచి తీసుకుపోవడానికి 1931లో మూడు సొరంగాలు తెరిచారు. 1936లో నాలుగోది, అన్నిటికన్నా పొడుగైనది, తెరిచారు. మరుసటేడు లాస్ ఏంజెలిస్ నది మీద వంతెన పూర్తయింది. సొరంగాల ముఖాలకు నగిషీలు చెక్కారు, చూడముచ్చటగా ఉన్నాయి. కానీ సొరంగం దాటి బయటపడ్డ కారు మళ్లీ కొట్ల మధ్యకే, సిగ్నళ్ల మధ్యకే వచ్చి పడేది. రద్దీ తీరలేదు, చోటు మారింది. ఆ ఖర్చంతా వృథా అనే అనిపించి ఉంటుంది. ఆ సొరంగాల అసలు పాత్ర ఇంకా ముందుంది.

వాగు వెంట దారి అన్నప్పుడు పసడీనాకు ఉన్నంత ఉత్సాహం మధ్య ఊళ్లకు లేదు. హైలండ్ పార్క్‌లో వ్యతిరేకత వచ్చింది. సౌత్ పసడీనా చిన్న ఊరు. పెద్ద రోడ్డు నడిమధ్యన పోతే ఊరు రెండు చెక్కలవుతుందని ఆ ఊరి భయం. భయంలో అర్థముంది. ఇటు నుంచి అటు పిల్లలు బడికి పోవాలి, ఆడవాళ్లు అంగడికి పోవాలి. మూడు ఊళ్ల మధ్య తగవు ఏ ఊరూ తీర్చలేనిది. 1935లో ఈ దారిని రాష్ట్ర రహదారుల్లో చేర్చడంతో పెత్తనం రాష్ట్ర ఇంజనీర్ల చేతికి వచ్చింది. ఈ ప్రాంతపు రహదారుల జిల్లా ఇంజనీరు ఎస్. వి. కోర్టెల్యూ ఆ బరువు నెత్తికెత్తుకున్నాడు. సౌత్ పసడీనా దగ్గర రోడ్డును నేలలోకి దించి, ఊరి వీధులను వంతెనల మీదుగా పైనుంచి పోనిచ్చారు. ఊరి భయానికి దొరికిన ఆ జవాబే కారుకూ మేలు చేసింది. పైన వీధి, కింద రోడ్డు, మధ్యలో కూడలి మాయం.

అదృష్టం కూడా వింత దారిన వచ్చింది. ఆర్థికమాంద్యం రోజులవి. పనిలేని మనుషులు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు పని కల్పించే సమాఖ్య ప్రభుత్వ పథకాల కింద వాగును కాంక్రీటు కాలువలో బిగించే పని అప్పటికే నడుస్తోంది. ఎప్పుడు ఎటు పొర్లుతుందో తెలియని వాగు పక్కన ఎవరూ రోడ్డు వేయరు. వాగుకు గట్లు కుదిరాక ఆ పక్కనే రోడ్డుకు స్థలం కుదిరింది. 1938 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాను మహా వరద ముంచెత్తింది. వంద మందికి పైగా చనిపోయారు. ఆ బురద ఆరీ ఆరకముందే, మార్చి 22న, సౌత్ పసడీనాలో పార్క్‌వేకు శంకుస్థాపన జరిగింది.

ఆ మరుసటి ఏడాది, 1939లో, కాలిఫోర్నియా ఫ్రీవేల కోసం, అంటే ఇలాంటి గుమ్మం లేని రోడ్ల కోసం, చట్టం చేసింది. పక్క స్థలాలవాళ్లకు రోడ్డు మీదికి దారి లేకుండా చేసే అధికారం ఆ చట్టంతో రాష్ట్రానికి గట్టిపడింది. డాబిన్స్ చెక్కతో చేయబోయిన పనిని ఇప్పుడు కాగితం చేసింది.

ఇక ఇంజనీర్ల పనితనం చూడండి. గంటకు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్ల వేగానికి లెక్కలు కట్టారు. ఆనాటి కార్లకు అది జోరైన వేగమే. వాగు ఎలా మెలికలు తిరిగితే రోడ్డూ అలాగే తిరిగింది. మలుపుల దగ్గర బయటివైపు అంచును కాస్త ఎత్తి, కారు జారిపోకుండా చూశారు. ఎదురుబొదురు కార్లను మధ్యలో విడగొట్టారు. డ్రైవరు తన లేన్ వదలకుండా ఉండటానికి పక్కపక్క లేన్లు వేర్వేరు రంగుల్లో కనబడేలా వేశారు. ఒడ్డున ఆ నేలకు అలవాటైన మొక్కలే నాటారు. తోటలోంచి పోయే దారి అన్న పాత కలకు వాళ్లు అలా లెక్క చెల్లించారు. పని సాగుతుండగానే కార్ల అంచనాలు పెరిగి, నాలుగు లేన్లు అనుకున్నది ఆరయింది. చెడిపోయిన బండి ఆపుకోవడానికి అంచున ఉండాల్సిన జాగా కూడా లేన్ల కింద పోయింది. ఆ నిర్ణయానికి మూల్యం తర్వాత చెల్లించాల్సి వచ్చింది.

1940 డిసెంబరు 30న గవర్నరు కల్బర్ట్ ఓల్సన్ సమక్షంలో పార్క్‌వే తెరుచుకుంది. మరో రెండు రోజుల్లో పసడీనాలో పేరుమోసిన కొత్త సంవత్సరపు గులాబీల ఊరేగింపు ఉంది. ఆ ఏటి గులాబీల రాణే ప్రారంభోత్సవానికి రిబ్బను విప్పింది. అనుకూలమైన నేల దొరకడంతో ఖర్చు మైలుకు పది లక్షల డాలర్లు కూడా దాటలేదు.

ఇంతా చేసి రోడ్డు నది ఇవతలే ఆగింది. నడిబొడ్డుకు చేరాలంటే మళ్లీ కొండ దాటాలి. అప్పుడు గుర్తొచ్చాయి ఫిగరోవా సొరంగాలు. రానూపోనూ వాడుతున్న ఆ నాలుగింటినీ ఉత్తరం వైపు పోయేవాళ్లకే కేటాయించి, దక్షిణం వైపు వచ్చేవాళ్లకు పక్కన కొండను కోసి వేరే దారి తీశారు. యుద్ధకాలపు కొరతల్లోనే, 1943 డిసెంబరు 30న, సరిగ్గా మూడేళ్లకు ఆ భాగం తెరిచారు. మామూలు వీధి కోసం తొలిచి, ఉపయోగం అంతంతమాత్రమే అనిపించిన సొరంగాలు అలా ఫ్రీవేకు ద్వారాలయ్యాయి.

చివరి చిక్కు ఇంకొకటుంది. రెండు ఫ్రీవేలు ఒకదాన్నొకటి దాటవలసిన చోట కూడలి లేకుండా ఎలా? అప్పటిదాకా వాడుకలో ఉన్నది నాలుగు రేకుల పువ్వు ఆకారపు ఇంటర్‌ఛేంజ్. అందులో ఎక్కే కార్లూ దిగే కార్లూ ఒకే చోట ఒకదానికొకటి అడ్డం పడేవి. లాస్ ఏంజెలిస్‌లో దారులను పక్కకు పరచకుండా ఒకదాని మీద ఒకటి నాలుగు అంతస్తులుగా పేర్చారు. కట్టడం 1949కే నిలబడింది. కలిపే రోడ్లు పూర్తికాక కొన్నేళ్లు ఊరికే ఉండి, 1953 సెప్టెంబరులో పూర్తిగా వాడుకలోకి వచ్చింది. అలాంటి ఇంటర్‌ఛేంజ్ ప్రపంచంలో అదే మొదటిది. దాంతో వాగు దారి నగరంతోనూ, నగరంలో పుట్టుకొస్తున్న తక్కిన ఫ్రీవేలతోనూ ముడిపడింది.

గెలిచిన ప్రయోగానికి కొత్త కష్టాలొస్తాయి. రోజుకు 27,000 కార్ల కోసం కట్టిన రోడ్డు మీద ఇప్పుడు 1,22,000కు పైగా తిరుగుతున్నాయి. ర్యాంపుల దగ్గర ఆ తేడా కళ్లకు కడుతుంది. ఈ రోజుల్లో ఫ్రీవే ఎక్కేటప్పుడు పొడుగాటి ర్యాంపు మీద వేగం పుంజుకుని కలుస్తాం. ఇక్కడ చాలాచోట్ల ర్యాంపు చివర ‘ఆగు’ అని ఎర్ర పలక ఉంటుంది. కారు పూర్తిగా ఆపాలి. మెడ వెనక్కి తిప్పి, మలుపులోంచి దూసుకొస్తున్న కార్ల మధ్య సందు వెతకాలి. సందు దొరికిందా, కాలు పూర్తిగా నొక్కి నిశ్చల స్థితి నుంచి ఒక్కసారిగా ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగంలోకి దూకాలి. దిగేటప్పుడు దీనికి తలకిందులు. 43వ అవెన్యూ దగ్గర దిగే మలుపు ఎంత ఇరుకంటే, అక్కడ పెట్టిన వేగం హద్దు గంటకు అయిదు మైళ్లు, మనిషి గబగబా నడిచే వేగం. అంచున జాగా లేకపోవడంతో చెడిపోయిన కార్లు పోయే దారిలోనే ఆగిపోయేవి. దానికి విరుగుడుగా తర్వాతి కాలంలో అక్కడక్కడ చిన్న చిన్న ఆగుచోట్లు తొలిచారు. బరువు లారీలను ఇప్పటికీ రానివ్వరు.

ఇవి కట్టినవాళ్ల తప్పులని తోసేయడం సులువు. వాళ్ల చేతిలో నమూనా లేదు, నడిపి చూసిన అనుభవం లేదు. తర్వాతి ఫ్రీవేల ర్యాంపులు పొడుగ్గా, మలుపులు విశాలంగా, అంచులు వెడల్పుగా ఉన్నాయంటే ఇక్కడ నేర్చిన పాఠాల వల్లే. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 1999లో దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 2011లో జాతీయ చారిత్రక స్థలాల పట్టికలోకీ ఎక్కింది. మధ్యలో 1954 నుంచి పసడీనా ఫ్రీవేగా పిలిచిన ఈ రోడ్డుకు 2010లో పాత పేరు తిరిగిచ్చారు. 2003 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున కార్లను ఆపేసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ దీన్ని వదిలిపెట్టారు. 2023లో మళ్లీ అలాగే చేశారు.

మెచ్చుకున్నాక నష్టం కూడా చెప్పాలి. రూజ్వెల్ట్ చూసి మురిసిన వాగు ఈ మేర కాంక్రీటు కాలువైంది. ఇక్కడ వాగు ఒడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. ఇదే పద్ధతి తర్వాత కిక్కిరిసిన పేటల మధ్యకు తీసుకుపోయినప్పుడు వేల ఇళ్లు కూలాయి. మొదటి ఫ్రీవేను తలవంచి ఒప్పుకున్న సౌత్ పసడీనాయే, తన మధ్యనుంచి మరో ఫ్రీవే వస్తుందన్నప్పుడు దశాబ్దాల పాటు పోరాడి దాన్ని ఆపించింది. గుమ్మం లేని రోడ్డు ఎవరి గుమ్మం ముందు నుంచి పోతుందన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చగలిగేది కాదని ఆ ఊరు నిరూపించింది.

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంతో పోగలుగుతున్నామంటే అక్కడ నడుస్తున్నదీ అదే సూత్రం. ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం, దిగలేం, దాటలేం. మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నారు. వాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు వీలుచేసుకుని ఒక ఆదివారం పొద్దున్నే, రద్దీ లేని వేళ, పసడీనా నుంచి ఈ రోడ్డెక్కండి. దక్షిణానికి దిగేటప్పుడు వాగు మెలికలు చూడొచ్చు, తిరుగు ప్రయాణంలో నాలుగు సొరంగాలూ వస్తాయి. ర్యాంపు చివర ఎర్ర పలక కనబడితే మాత్రం తొందరపడకండి. పూర్తిగా ఆగి, సందు చూసుకుని, అప్పుడే కదలండి.